ఎర్ర వైరును నమ్మకు

అమ్మాయీ,

కారులో కెమెరా పెట్టుకుంటూ నువ్వు పంపిన ఫొటో చూశాను. స్టీరింగ్ కింద మూత ఊడదీసి, లోపలి గుత్తిలోంచి ఒక ఎర్ర వైరును వేలితో పైకి లాగి, "పెదనాన్నా, దీనికి కలిపేయనా?" అని రాశావు. కలపకు. దాని తొక్క ఇంకా తీయకపోతే సంతోషం. తీసి ఉంటే ముందు టేపు చుట్టి వచ్చి, తర్వాత ఈ ఉత్తరం చదువు.

ఎర్రది కరెంటు, నల్లది ఎర్త్ అని అందరూ అనుకుంటారు. బ్యాటరీ దగ్గర అది నిజమే. డ్యాష్‌బోర్డు వెనక్కి వచ్చేసరికి ఆ లెక్క చెల్లదు. అక్కడి రంగులు కంపెనీకో తీరు, మోడలుకో తీరు. నువ్వు పట్టుకున్న ఎర్ర వైరు దీపానికి పోయేది కావచ్చు, ఏదో సెన్సారు నుంచి కబురు మోసేది కావచ్చు. రంగును నమ్మి చేయి పెట్టకూడదు కానీ, రంగును చూసి చేయి తీసేయాల్సిన చోట్లు రెండున్నాయి. పసుపు కనెక్టరు గానీ పసుపు తొడుగు గానీ ఉంటే అది ఎయిర్‌బ్యాగుది. హైబ్రిడ్, విద్యుత్ కార్లలో నారింజ రంగు కేబుళ్ళలో వందల వోల్టులు ఉంటాయి. వీటికి తోడు, జడలా ఒకదాన్నొకటి పెనవేసుకుని పోయే జంట వైర్ల జోలికి కూడా పోకు. కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునేది వాటి మీదే.

కారులో కరెంటు ఎక్కడ ఉందో కనుక్కోవడం పెద్ద పని కాదు, ఎక్కడ చూసినా ఉంటుంది. అది ఎప్పుడు ఉంటుంది, ఎప్పుడు పోతుంది, ఎవరి వాటాలోంచి తీసుకుంటున్నావు అన్నవే తేల్చుకోవాలి. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళు మొదటి నెలలో చేసిన తప్పులన్నీ ఇవి అడగకపోవడం వల్ల వచ్చినవే. నేను చేసినవి కూడా.

ఎప్పుడు అన్నది ముందు చూద్దాం. తాళం తీసేసినా పోని కరెంటు ఒకటి ఉంటుంది. గడియారం, తలుపుల తాళాలు, లోపలి దీపం దాని మీద బతుకుతాయి. తాళాన్ని ఒక మెట్టు తిప్పితే వచ్చేది రెండోది. పాట వినడానికి, ఫోను ఛార్జింగుకు అది. రెండో మెట్టుకు వచ్చేది మూడోది, ఇంజిన్ నడవడానికి కావలసినవన్నీ దాని మీద ఉంటాయి. స్టార్టర్ తిరిగే ఆ రెండు మూడు క్షణాలు రెండో రకం కరెంటు పోయి మళ్ళీ వస్తుంది. మూడో రకం పోదు. నీ కెమెరా బండి స్టార్టు చేసేటప్పుడు ఒకసారి ఆరి వెలిగితే కంగారు పడకు, అది రెండో రకం మీద ఉందని అర్థం, అంతే. వైరింగ్ పటం ఎప్పుడైనా చేతికి వస్తే 30, 15, 31 అనే అంకెలు కనిపిస్తాయి. అవి జర్మన్ ప్రమాణం నుంచి వచ్చిన పాత గుర్తులు. 30 అంటే ఎప్పుడూ ఉండే కరెంటు, 15 అంటే ఇగ్నిషన్ మీద వచ్చేది, 31 అంటే ఎర్త్.

ఇప్పుడు కొలవడం. టెస్టు ల్యాంపు (కరెంటు తగిలితే వెలిగే మొన ఉన్న చిన్న దీపం) ఒకటి, మల్టీమీటరు ఒకటి దగ్గర పెట్టుకో. మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల మొనను రంగు లేని లోహం మీద, బాడీకి బిగించిన ఏదైనా బోల్టు మీద ఆనించు. ఎర్ర మొనతో ముందుగా బ్యాటరీ ప్లస్‌ను తాకి చూడు. ఇంజిన్ ఆపి కాసేపయిన మంచి బ్యాటరీ అయితే 12.6 దగ్గర చూపిస్తుంది. ఇది చూడకుండా ఫ్యూజు పెట్టె దగ్గరికి పోతే, మీటరు సున్నా చూపించినప్పుడు కరెంటు లేదో, నల్ల మొన పెయింటు మీద కూర్చుందో నీకు తెలియదు.

ఫ్యూజును పీకనక్కర లేదు. దాని వీపు మీద ఆవగింజంత సందులు రెండు ఉంటాయి, లోపల లోహం మెరుస్తుంది. ఎర్ర మొనను ముందు ఒక సందులో, తర్వాత రెండో దాంట్లో ఆనించు. రెండింటా 12 వస్తే ఫ్యూజు బాగుంది, కరెంటు ఉంది. ఒకదాంట్లోనే వస్తే ఆ ఫ్యూజు పోయింది. ఒక కాగితం మీద ఫ్యూజు నంబర్లు వరుసగా రాసుకుని, ఒక్కోదాని ఎదురుగా తాళం తీసినప్పుడు ఎంత, ఒక మెట్టు తిప్పితే ఎంత, రెండు మెట్లకు ఎంత, ఇంజిన్ నడుస్తుంటే ఎంత అని నింపు. నీ కారుకు బటన్ ఉంటే బ్రేకు తొక్కకుండా ఒకసారి నొక్కడం మొదటి మెట్టు, రెండోసారి నొక్కడం రెండో మెట్టు అని చాలా కార్లలో లెక్క. ఆఖరి గడి కూడా వదలకు: తాళం తీసి, తలుపు మూసి, అరగంట ఆగి ఎంత? కొన్ని కార్లు తాళం తీసిన వెంటనే కరెంటు ఆపవు. కొన్ని నిమిషాలో, తలుపు తెరిచేదాకానో ఉంచుతాయి. ఆ తొందరలో కొలిచి, "ఇది ఎప్పుడూ ఉండే లైను" అని రాసుకుంటే తర్వాత అంతా తలకిందులవుతుంది.

మీటరు 12కు బదులు 6, 7 చూపిస్తూ అటూ ఇటూ ఊగితే ఆ లైను వదిలేయ్. దీపం కాంతి తగ్గించడానికి కరెంటును క్షణానికి వందలసార్లు ఆపి వదిలే లైను అయి ఉంటుంది. దాని మీద కెమెరా పెడితే కెమెరాకు పిచ్చెక్కుతుంది. మరొక మాట: మీటరు దాదాపు ఏమీ కరెంటు తీసుకోదు కాబట్టి, ఒకే ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా దానికి నిండు 12 చూపిస్తుంది. అందుకే మీటరుతో తేల్చుకున్న తర్వాత ఆ ఫ్యూజు దగ్గరే టెస్టు ల్యాంపు వెలిగించి చూడు. నిండుగా వెలిగితే లైనులో సత్తువ ఉంది. ఆ ల్యాంపును ఎక్కడపడితే అక్కడ గుచ్చకు, మళ్ళీ చెబుతున్నాను, కంప్యూటర్ల వైర్లు ఆ బరువును తట్టుకోలేవు.

ఎవరి వాటాలోంచి అంటావా, పవర్ సాకెట్ ఫ్యూజు చూడు. సిగరెట్ లైటర్ అనేవాళ్ళం దాన్ని. సాధారణంగా అక్కడ 15 లేదా 20 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. అది బయటి సామాను తగిలించడానికే పెట్టిన లైను. పోయినా కారు నడకకు ఏ లోటూ రాదు. బ్రేకుల ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు, ఇంధన పంపు, ఇంజిన్ కంప్యూటర్, స్టీరింగ్ మోటారు, హెడ్‌లైట్లు, వీటి ఫ్యూజుల దగ్గరికి ఎంత ఖాళీ కనిపించినా వెళ్ళకు. కెమెరా వైరు ఎక్కడో నలిగి ఫ్యూజు పోతే నడిరోడ్డు మీద బండి ఆగే పరిస్థితి తెచ్చుకోవడం దేనికి?

కలిపేటప్పుడు వైరు తొక్క తీసి చుట్టే పద్ధతి, వైరును కరిచి పట్టుకునే నీలం క్లిప్పుల పద్ధతి, రెండూ వద్దు. ఆ క్లిప్పు లోపలి పళ్ళు సగం పోగులను కోసేస్తాయి, మిగతావి చెమ్మకు పచ్చబారతాయి. ఏడాది తర్వాత వచ్చే జబ్బుకు ఈ రోజే విత్తనం వేసినట్టు. ఫ్యూజ్ ట్యాప్ అని దొరుకుతుంది. పాత ఫ్యూజు చోట దీన్ని గుచ్చితే, అందులో పాత ఫ్యూజుకు ఒక గది, నీ కొత్త ఫ్యూజుకు ఒక గది ఉంటాయి. ఫ్యూజుల్లో పెద్దవి, మినీ, పొట్టి మినీ, మైక్రో అని సైజులున్నాయి. నీ ఫ్యూజును పీకి పక్కన పెట్టి పోల్చుకుని మరీ కొను.

దీన్ని తిరగేసి గుచ్చేవాళ్ళు ఎక్కువ. ఫ్యూజు గదిలో రెండు చీలికలుంటాయి, ఒకదాంట్లోకి కరెంటు వస్తుంది, రెండోదాంట్లోంచి సామానుకు పోతుంది. ట్యాప్ సరైన వైపు కూర్చుంటే రెండు ఫ్యూజులూ ఎవరి పని వారు చేసుకుంటాయి. తిరగబడితే నీ కెమెరా కరెంటు కూడా పాత ఫ్యూజులోంచే రావాలి, ఇద్దరి బరువూ ఒకరి మీద పడుతుంది. పైకి అన్నీ పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి తప్పు కనిపించదు. దీనికి చిన్న పరీక్ష ఉంది. అంతా బిగించాక ట్యాప్‌లోంచి పాత ఫ్యూజును మాత్రం పీకు. కెమెరా ఇంకా వెలుగుతుంటే సరిగ్గా పెట్టావు. అది కూడా ఆరిపోతే ట్యాప్‌ను తిప్పి గుచ్చు.

కొత్త ఫ్యూజు ఎంతది? వాట్లను 12తో భాగించు. 12 వాట్ల కెమెరాకు ఒక ఆంపియరు, కాబట్టి 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఫ్యూజు కాపాడేది కెమెరాను కాదు, వైరును. ఈ మాట నాకు ఖర్చుతో వంటబట్టింది. కుర్రతనంలో నా సొంత కారులో సీటు కింద ఒక యాంప్లిఫయర్ పెట్టాను. ఎర్రటి 10 ఆంపియర్ల ఫ్యూజు మాటిమాటికీ పోతోందని, విసుగెత్తి ఆకుపచ్చ 30 పెట్టాను. వారం రోజులు పాట బ్రహ్మాండం. ఒక సాయంత్రం రబ్బరు కాలిన వాసన వచ్చింది. ముందు పోతున్న లారీదనుకున్నాను. బండి ఆపి కింద పరిచిన తివాచీ ఎత్తితే, అడుగున గొంగడి మీద వైరు పొడవునా నల్లటి గీత, కరిగిన తొక్క గొంగడికి అంటుకుపోయి, మధ్యలో రాగి పోగులు బోసిగా. ఫ్యూజు మాత్రం కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తోంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, ఆ ఫ్యూజు ఎప్పటికి పోయేదో! సీటు పట్టాల కింద వైరు నలగడం అసలు జబ్బు. 10 ఆంపియర్ల ఫ్యూజు ఏడుసార్లు నాకు ఆ సంగతే చెప్పింది.

ఎర్త్ వైరును డ్యాష్‌బోర్డు కింద కంపెనీ వాళ్ళే వాడిన బోల్టుకు బిగించు. ఆ బోల్టు ఎయిర్‌బ్యాగు పెట్టెది కాకుండా చూసుకో. కొత్త కార్లలో బ్యాటరీ మైనస్ మీద చిన్న సెన్సారు ఉంటుంది, వచ్చీపోయే కరెంటును లెక్కగడుతూ. నీ ఎర్త్‌ను నేరుగా బ్యాటరీ మొనకు పెడితే ఆ లెక్క తప్పుతుంది. బాడీకే ఇవ్వు.

అద్దం పక్క స్తంభం తొడుగు వెనక నుంచి కెమెరా వైరును పైకి తీస్తావు కదా, అక్కడ కర్టెన్ ఎయిర్‌బ్యాగు మడత పెట్టి ఉండవచ్చు. వైరు దాని ముందు నుంచి కాకుండా వెనక నుంచి పోవాలి. అది కనిపించే వీలు లేకపోతే తొడుగు ముట్టుకోకు, ఆ ఒక్క పని తెలిసిన చేతికి ఇవ్వు.

పొగమంచు దీపాలు కూడా పెడతానన్నావు. వాటికి ఫ్యూజ్ ట్యాప్ కుదరదు. 55 వాట్లవి రెండంటే 110 వాట్లు, 9 ఆంపియర్ల పైమాట. బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా వైరు, జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి విడదీసే స్విచ్చు. రిలే కాళ్ళ మీద అంకెలుంటాయి: బ్యాటరీ కరెంటు 30కి, దీపాలు 87కి, 85, 86 లోపలి కాయిల్‌కి. ఆ కాయిల్ పావు ఆంపియరు కూడా తినదు కాబట్టి దాని స్విచ్చుకు మాత్రం నీ ఫ్యూజ్ ట్యాప్ నుంచి కరెంటు ఇవ్వవచ్చు. దీపాలకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడు. సన్నగా ఒక మిల్లీమీటరుది వేస్తే నాలుగు మీటర్ల పొడవులోనే అర వోల్టుకు పైగా దారిలో పోతుంది, దీపం పసుపుపచ్చగా నీరసపడుతుంది. ఇంజిన్ గదిలోంచి లోపలికి వైరు తెచ్చే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ తప్పదు, రేకు అంచు కత్తి లాంటిది.

బండి ఆగి ఉన్నప్పుడు కూడా కెమెరా కాపలా కాయాలన్నావు. దాని అర్థం ఎప్పుడూ ఉండే లైను కావాలని. 0.3 ఆంపియర్లు తినే కెమెరా రోజుకు 7.2 ఆంపియర్-గంటలు తాగుతుంది. నీ బ్యాటరీ 45ది అనుకుంటే మూడు రోజులకు సగం ఖాళీ. ఊరికి వెళ్ళి నాలుగో రోజున వచ్చి తాళం తిప్పితే టకటక శబ్దం తప్ప ఏమీ ఉండదు. వోల్టేజీ తగ్గితే తనంతట తాను తెగిపోయే కిట్టు పెట్టు, 12.2 దగ్గర తెగేలా అమర్చు. అప్పుడు కూడా వారాల తరబడి నిలపాల్సి వస్తే కెమెరా ఫ్యూజు పీకి వెళ్ళు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసి కొన్ని నిమిషాలు ఆగు, ఎయిర్‌బ్యాగుల్లో నిలవ ఉన్న కరెంటు దిగిపోవాలి. బిగించేటప్పుడు ఆఖరున మైనస్. గడియారం, కిటికీల అమరిక మళ్ళీ చేసుకోవాల్సి రావచ్చు, కంగారు పడకు.

కొలిచిన కాగితం ముందు నాకు పంపు, ట్యాప్ తర్వాత కొందువుగాని. అంతా అయ్యాక ఒక రాత్రి మీటరును 10 ఆంపియర్ల గదికి మార్చి, బ్యాటరీ మైనస్‌కూ దాని కేబుల్‌కూ మధ్య పెట్టి, తలుపులు మూసి అరగంట తర్వాత చూడు. మీటరు అలా ఉండగా తాళం తిప్పకు, దాని ఫ్యూజు పోతుంది. కెమెరా కాపలా ఆపి చూస్తే 0.05 లోపు రావాలి. ఎక్కువ వస్తే ఏ ఫ్యూజు పీకినప్పుడు అంకె పడిపోయిందో కూడా రాయి.

మీ పెదనాన్న