ఢిల్లీ బండి కొని మార్పులు చేయించవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఢిల్లీ రిజిస్ట్రేషన్ ఉన్న 2017 మోడల్ మహీంద్రా ఎక్స్‌యూవీ500 డీజిల్, ఆల్ వీల్ డ్రైవ్ బండి చవకగా వస్తోంది. అమ్మేవారు యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ఇస్తారని, పేరు మార్పు తర్వాత తీరిగ్గా చేయించుకోవచ్చని మధ్యవర్తి అంటున్నాడు. బండి ఎత్తు పెంచి, పెద్ద టైర్లు, ముందు బుల్ గార్డు వేయించాలని, ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో మార్పు) చేయించాలని, చివరి వరుస సీట్లు తీసేసి పరుపు అమర్చాలని మా ఆలోచన. చట్టపరమైన చిక్కులు ఉంటాయా?

జవాబు: ముందు ఆ ‘తీరిగ్గా’ అన్న మాటను పక్కన పెట్టండి. రాష్ట్రం మారుతున్న బండికి ఫారం 29, 30 మాత్రమే చాలవు. ఢిల్లీ రిజిస్టరింగ్ అధికారి ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28 కావాలి. బండి ఛాసిస్ నంబరుపై కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చు ఆ ఫారం మీద ఉంటుంది. ఆ అచ్చును బండి మీది నంబరుతో, ఆర్‌సీతో అంకె అంకె పోల్చి చూసుకోండి. బండి మీద ఫైనాన్సు ఉంటే, అది తీరిపోయిందని తెలిపే ఫారం 35 కూడా అడగండి. అమ్మినవారు 45 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో బదిలీని తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 చెబుతోంది. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాల్సి ఉంటుంది. చవక బేరం లెక్కలో దాన్నీ కలుపుకోండి.

పేరు మారకపోతే ఎవరికి నష్టం? చేతులు మారిన ఒక బండి ప్రమాదం కేసులో, రికార్డులో పేరున్న వ్యక్తే యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది అమ్మినవారి తలనొప్పి అనుకోకండి. పాలసీ పాత యజమాని పేరు మీదే ఉంటే, మీ బండికి జరిగిన నష్టానికి మీరు క్లెయిము చేయలేరు. సెక్షన్ 157 ప్రకారం దానంతటదే బదిలీ అయ్యేది థర్డ్ పార్టీ రక్షణ (ఇతరులకు జరిగే నష్టానికి బీమా) ఒక్కటే. బీమా కంపెనీకి 14 రోజుల్లో దరఖాస్తు పెట్టండి.

ధర తగ్గడానికి కారణం చాలావరకు ఢిల్లీలోనే ఉంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై అక్కడ 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆంక్ష పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ ఆంక్ష రాజధాని ప్రాంతానికే గానీ ఖమ్మానికి కాదు. అయితే అక్కడ రిజిస్ట్రేషన్ ఇప్పటికే రద్దయిందేమో కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైట్‌లో చూడకుండా బయానా ఇవ్వకండి.

ఇక మార్పులు. తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్‌సీ వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదన్నది సెక్షన్ 52. 2019 జనవరిలో జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. ఉల్లంఘిస్తే సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

మీ జాబితాలో బుల్ గార్డును వెంటనే కొట్టేయండి. అది సెక్షన్ 52కు విరుద్ధమని, చర్యలు తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఎదురుగా వచ్చే పాదచారికి, లోపల ఎయిర్‌బ్యాగులకు కూడా అది ప్రమాదమే. ఎత్తు పెంచడం, తయారీదారు ఆమోదించని సైజు టైర్లు వేయించడం కూడా చేయవద్దు. సీట్లు పీకేస్తే ఆర్‌సీలో ఉన్న ఏడు సీట్ల లెక్క తప్పుతుంది. అయినా ఆ సీట్లు మడిచేవే కదా! మడిచి పైన పరుపు వేసుకుంటే ఏ అనుమతీ అక్కర్లేదు.

రీమ్యాప్ గురించి మెకానిక్ ‘ఎవరికీ కనిపించదు’ అని చెప్పి ఉంటాడు. రోడ్డు మీద కనిపించదు, నిజమే. పెద్ద ప్రమాదం జరిగితే బీమా సర్వేయరు కంట పడవచ్చు. చెప్పకుండా చేయించిన మార్పు ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) క్లెయిమును తిరస్కరించడానికి బీమా కంపెనీకి సాకు ఇస్తుంది. దాంతోపాటు ఈజీఆర్ (కాలుష్యం తగ్గించేందుకు పొగను కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) మూయించి, కాలుష్య ప్రమాణాలు తప్పారని తేలితే సెక్షన్ 190 కింద తొలిసారే పది వేల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలల పాటు లైసెన్సు అనర్హత ఉన్నాయి.

మీ మధ్యవర్తి పాత బండ్ల వ్యాపారే అయితే, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం అతడికి రిజిస్టరింగ్ అధికారి ఇచ్చిన అధీకృత పత్రం ఉండాలి. అది చూపించమనండి. వ్యాపారి మోసం చేస్తే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. సొంత కారు అమ్ముకున్న వ్యక్తి మీద అక్కడ ఫిర్యాదు నిలవడం కష్టం, సివిల్ కోర్టుకో పోలీసుల దగ్గరికో వెళ్లాల్సి వస్తుంది. అందుకే ఒప్పందంలో బండి తిరిగిన కిలోమీటర్లు, పెండింగ్ చలానాలు, బదిలీకి సహకరిస్తానన్న హామీ రాయించుకుని, ఫారం 28 చేతికి వచ్చాకే పూర్తి సొమ్ము ఇవ్వండి.