ఎకరా రాగికి పెదనాయన జాబు

చిరంజీవికి పెదనాయన ఆశీస్సులు.

ఈ వానకారు ఎకరా చేన్లో రాగి నాటతానన్నావు, మంచి ఆలోచన. ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకో నాయనా. రాగిలో గింజ ఎక్కువగా పిలకల మీదే వస్తుంది, అంటే మొక్క మొదలు నుంచి పక్కకు పుట్టే కొమ్మల మీద. ఆ పిలకలు పుట్టేది నాటిన మొదటి నెలన్నరలోనే. అది దాటిపోయాక ఎంత ఎరువు చల్లినా కొత్త కంకి రాదు.

విత్తనానికి వకుళ రకం తీసుకో. తిరుపతి దగ్గర పెరుమాళ్లపల్లె పరిశోధన స్థానం ఇచ్చిన రకం అది, మూడున్నర నెలల్లో చేతికొస్తుంది. మామూలుగా దగ్గర దగ్గరగా నాటితే ఎకరాకు 2 కిలోల విత్తనం, 5 సెంట్ల నారుమడి కావాలి. నువ్వు గుళి పద్ధతిలో, అంటే దూరం దూరంగా గుంటలు తీసి నాటు, అర కిలో చాలు. నీళ్లలో వేసి తేలిన తాలు తీసెయ్. ఆరబెట్టి కిలోకు 2 గ్రాముల కార్బెండజిమ్ అనే తెగుళ్ల మందు పట్టించు. గింజ సన్నం కాబట్టి ఇసుక కలిపి పలచగా చల్లి, పైన మెత్తటి పెంట ఒక పొర వెయ్. అర అంగుళం కంటే లోతుకు పోతే మొలక పైకి రావడం కష్టం.

నారు ముదరనివ్వద్దు. గుళి రాగికి 15 నుంచి 20 రోజుల నారు పెట్టాలి. వానలేదని నెల రోజులు మడిలోనే ఉంచితే మొక్క లోపల కణుపులు మొదలవుతాయి, పొలంలో పెట్టినా పిలక వెయ్యదు, తొందరగా కంకి తీసి ఊరుకుంటుంది. అందుకే నారంతా ఒకేసారి పొయ్యకుండా, వారం తేడాతో రెండు మడులు పోసుకో.

ఎకరాకు 4 టన్నుల మాగిన పెంట తోలి దున్ను. దాంతోపాటు 100 కిలోల సూపర్ ఫాస్ఫేట్, 20 కిలోల పొటాష్ ఆఖరి దుక్కిలో వెయ్. తర్వాత అడ్డం, నిలువు 18 అంగుళాలకు ఒక గీత లాగు. గీతలు కలిసేచోట చిన్న గుంట తీసి, గుప్పెడు పెంట వేసి, రెండు మొక్కలు పైపైన పెట్టు. నాటిన రోజు తడి, మూడో రోజు ఇంకో తడి ఇవ్వు. మొక్క నాటుకున్నాక పది రోజులు నీళ్లు పెట్టకుండా ఆపు, వేరు లోతుకు దిగుతుంది.

ఇక అసలు పని. నాటిన 20 రోజుల నుంచి 45 రోజుల లోపల రెండు మూడు సార్లు, తేలికైన కొయ్య మొద్దును పైరు మీదుగా లాగించాలి. మొక్కలు నేలకు వంగుతాయి. భయపడొద్దు, రెండు రోజుల్లో లేస్తాయి. నడిమి మోసు అణిగేసరికి మొక్క మొదలు దగ్గరున్న మొగ్గలు పిలకలవుతాయి. ఒకసారి తూర్పు పడమరగా లాగితే మరోసారి ఉత్తర దక్షిణంగా లాగించు. నేల పైన ఆరి ఉండాలి; బురదలో లాగితే మొక్క వేరుతో సహా వచ్చేస్తుంది. ఒక మొక్క మొదలు వేళ్లతో నొక్కి చూడు. మెత్తగా, చదునుగా ఉంటే లాగొచ్చు. గట్టి కణుపు తగిలితే ఆపెయ్, ఆ తర్వాత వంచితే విరుగుతుంది.

రాగిని పోలిన గడ్డి ఒకటి పక్కనే మొలుస్తుంది, చిన్నప్పుడు పోల్చుకోవడం కష్టం. గీతలో లేనిది ఏదైనా పీకెయ్. అడ్డం, నిలువు రెండు వైపులా గుంటక (కలుపు కోసే పనిముట్టు) తోలితే కూలి ఖర్చు తగ్గుతుంది.

యూరియా ఎకరాకు మొత్తం 50 కిలోలు చాలు. సగం నాటేటప్పుడు, సగం నెలకు. పైరు నల్లగా కమ్ముకోవాలని ఇంకా చల్లితే అగ్గి తెగులును పిలిచినట్టే. ముసురు పట్టిన రోజుల్లో ఆకు తిరగేసి చూస్తుండు: నూలు కండె ఆకారంలో, అంచు గోధుమరంగు, నడుమ బూడిదరంగు మచ్చలుంటే అదే. లీటరు నీటికి 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ మందు కలిపి కొట్టు. ఆకు మీద కంటే కంకి మెడకు పట్టినప్పుడే నష్టం ఎక్కువ. మెడ నల్లబడి గింజంతా తాలు అవుతుంది. కాబట్టి కంకి తొంగిచూసే వారంలో ఒళ్లు దగ్గర పెట్టుకుని చేను తిరుగు. పూత, పాలు పోసుకునే దశల్లో తడి తప్పనివ్వద్దు.

కంకులన్నీ ఒకేసారి పండవు. తల్లి కంకులు గోధుమరంగుకు తిరగగానే కొడవలితో కోసుకో, పిలక కంకులకు వారం పది రోజులు ఆగు. కోసినవి పచ్చిగా కుప్ప వేస్తే వేడెక్కి గింజ రంగు మారి వాసనొస్తుంది. రెండు మూడు రోజులు ఎండనిచ్చాకే నూర్చు. చొప్ప మాత్రం పచ్చిదనం పోకముందే కోసి ఎండబెట్టు, ఆవులు ఇష్టంగా తింటాయి.

మీ పెదనాయన