వంటింటి లేఖలు: యాభై మందికి వేడి వేడి బీఫ్ స్లైడర్లు

కిందటి సంచికలో క్రిస్మస్ విందుల గురించి రాస్తూ, బీఫ్, చీజ్ పెట్టి వేడిగా వడ్డించే చిన్న శాండ్‌విచ్‌లను, అంటే స్లైడర్లను, ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేశాను. ఆ ఒక్క వాక్యానికే చెన్నై నలుమూలల నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మా తెలుగు సంఘంలో సెమీ క్రిస్మస్ ప్రేమవిందుకు ఏటా బిర్యానీయే పెడతాం. ఈసారి మా యౌవనస్థులు స్లైడర్లు కావాలని పట్టుబట్టారు. పెద్దలు 35 మంది, పిల్లలు 15 మంది వస్తారు. ఎంత మాంసం, ఎంత చీజ్ తీసుకోవాలి? పోయినేడు అమెరికాలో ఉన్న మా ఆడపడుచు చెప్పిన పద్ధతిలోనే ఇంట్లో రోస్ట్ చేస్తే, మాంసం చెప్పు అట్టలా వచ్చింది. నా తప్పు ఎక్కడుందో చెప్పగలరు.
— ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: తప్పు మీదీ కాదమ్మా, మీ ఆడపడుచుగారిదీ కాదు. ఆమె వండే మాంసం వేరు, మీరు కొన్న మాంసం వేరు. అక్కడ రోస్ట్‌కు వాడేది చాలావరకు రెండేళ్ళు కూడా నిండని పశువుల మాంసం. దానిని లోపలి వేడి 55 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు చేరగానే ఓవెన్ నుంచి తీసి, మధ్యలో గులాబీరంగు ఉండగానే పలుచగా కోసుకుంటారు. మన దగ్గర దొరికేది ఎక్కువగా గేదె మాంసం, లేదా వయసు మళ్ళిన పశువు మాంసం. తమిళనాడులో 1958 నాటి పశు సంరక్షణ చట్టం ప్రకారం పదేళ్ళు దాటి పనికీ ఈతకూ పనికిరాదనో, గాయం వల్లో నయంకాని జబ్బు వల్లో శాశ్వతంగా పనికిరాకుండా పోయిందనో ధ్రువీకరణ పొందిన పశువునే వధించాలి. అంతకాలం బండి లాగిన కండరంలో పోగులను పట్టి ఉంచే కొల్లాజెన్ బాగా గట్టిపడి ఉంటుంది. అది 55 డిగ్రీల దగ్గర కరగదు సరికదా, ఇంకొంచెం వేడెక్కితే బిగుసుకుని మాంసంలోని రసాన్ని బయటకు పిండేస్తుంది. తేమ ఉన్న వేడిలో, మరుగుకు కాస్త దిగువన, గంటల తరబడి ఉంచితేనో, ప్రెషర్ కుక్కర్లోని ఇంకా పెద్ద వేడిలో కొంతసేపు ఉంచితేనో అది కరిగి జెలాటిన్ అవుతుంది. మన పాయాలో చేతికి అంటుకునే జిగురు అదే.

అందువల్ల ఓవెన్ రోస్ట్‌ను మరచిపోయి మీ పేటలోనే పుట్టి పెరిగిన పద్ధతిని పట్టుకోండి. పెరంబూరు రైల్వే క్వార్టర్లలోని ఆంగ్లో ఇండియన్ ఇళ్ళలో తరతరాలుగా చేస్తున్న పాట్ రోస్ట్ సరిగ్గా మన మాంసానికి తగిన వంట. వెనుక తొడ భాగాన్ని ముక్కలు కొట్టించకుండా, ఒక్కొక్కటి కిలో నుంచి కిలోన్నర ఉండేలా కండలుగా తీయించండి. కొట్టువాళ్ళు దీనిని సిల్వర్‌సైడ్ అనో, రౌండ్ అనో అంటారు. అండర్‌కట్ జోలికి పోకండి. మెత్తని ఆ ముక్కను ఇంతసేపు ఉడికించడం డబ్బు దండగ. కిలోకు రెండు చెంచాల ఉప్పు, దంచిన మిరియాలు పట్టించి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు మందపాటి గిన్నెలో కొద్ది నూనెతో అన్ని వైపులా బాగా ఎర్రగా కాల్చి, నిలువుగా చీల్చిన ఉల్లిపాయలు, నాలుగు ఎండుమిరపకాయలు, లవంగాలు, రెండు పెద్ద చెంచాల వెనిగర్, కండ సగానికి వచ్చేటన్ని నీళ్ళు చేర్చి ప్రెషర్ కుక్కర్లో పెట్టండి. ఒక కూత వచ్చాక మంట తగ్గించి నలభై నిమిషాల నుంచి యాభై నిమిషాల దాకా ఉంచితే సరిపోతుంది. ఇనుప పుల్ల గుచ్చితే కొద్దిపాటి పట్టుతో దిగాలి. ఏ పట్టూ లేకుండా దిగిపోయిందంటే మీకు మిగిలేది కైమాయే గాని ముక్కలు కావు.

ఇక లెక్క. పెద్దలకు మూడేసి, పిల్లలకు ఒక్కొక్కటి చొప్పున 120 స్లైడర్లు అవుతాయి. ఒక్కోదానిలో 30 గ్రాముల వండిన మాంసం పెడితే 3 కిలోల 600 గ్రాములు కావాలి. ఉడికేటప్పుడు మూడో వంతు దాకా తరుగు పోతుంది కాబట్టి పచ్చి మాంసం 5 కిలోలన్నర తీసుకోండి. ఆరు పావ్ రొట్టెలు అంటుకుని ఉండే పలకలు ఇరవై, పలకకు నాలుగు చొప్పున చీజ్ స్లైసులు 80, తురిమిన మొజరెల్లా 800 గ్రాములు, వెన్న ముప్పాతిక కిలో, ఉల్లిపాయలు రెండు కిలోలు. పక్కన బిర్యానీ కూడా ఉండబోతోందని మీ ఉత్తరంలోని మొదటి వాక్యం నాకు అనుమానం కలిగించింది. అదే నిజమైతే పెద్దలకు రెండేసి చాలు.

అన్నింటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటుంది. ఈ పనంతా విందుకు ముందురోజే ముగియాలి. ఉడికిన కండలను గదిలో రాత్రంతా వదిలేయకండి. ఉడకబెట్టినా చావని కొన్ని సూక్ష్మజీవుల బీజాలు పెద్ద గిన్నె నడుమ గోరువెచ్చదనంలో మళ్ళీ మొలకెత్తుతాయి. విందు మర్నాడు ఊరంతా కడుపు పట్టుకుని కూర్చునేది చాలాసార్లు ఇందువల్లే. కండలను, రసాన్ని వేర్వేరు వెడల్పాటి పళ్ళాలలోకి తీసి, ఐసు నీళ్ళలో ఆనించి, రెండు గంటలలోపు ఫ్రిజ్‌లోకి చేర్చండి. చల్లగా గట్టిపడిన కండను పోగులకు అడ్డంగా, రూపాయి నాణెమంత మందాన కోయండి. పోగుల వెంబడి కోస్తే ఎంత ఉడికినా కొరికినప్పుడు ముక్క మొత్తం ఊడివచ్చి, తినేవాళ్ళ చేతిలో ఖాళీ రొట్టె మిగులుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో చిన్న ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) మాత్రమే ఉంది. అరవై, డెబ్భై స్లైడర్లు అందరికీ ఒకేసారి వేడిగా ఎలా పెట్టాలి? ముందే చేసి హాట్‌ప్యాక్‌లలో ఉంచవచ్చా?
— ఒక పాఠకుడు, వేపేరి

జవాబు: హాట్‌ప్యాక్ మాట ఎత్తగానే నాకు నా మొదటి ప్రయోగం గుర్తుకు వచ్చింది. నలభై స్లైడర్లను మూడు హాట్‌ప్యాక్‌లలో కుక్కి మూత బిగించాను. గంట తరువాత తీసి చూస్తే ఆవిరి నీరై దిగి, అడుగు వరుస నానిన అట్టలా అయింది. ఆ రోజు మా ఇంటికి వచ్చిన బంధువులు మర్యాదస్తులు కాబట్టి చెంచాతో తిన్నారు.

ఓటీజీలో ఒక వాయికి రెండు పలకలే పడతాయి, వాయికి కనీసం పావుగంట పడుతుంది. డెబ్భై స్లైడర్లంటే పన్నెండు పలకలు, అంటే గంటన్నర. చివరి వాయి దిగేసరికి మొదటి వాయి చల్లారిపోతుంది. దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, మీ వీధి బేకరీ. క్రిస్మస్ రోజుల్లో కేకు పిండి కలిపి తీసుకువెళ్ళి బేకరీలో కాల్పించుకురావడం చెన్నైలో పాత అలవాటే. ముందుగా మాట్లాడుకుంటే ట్రేలు కూడా పెట్టనిస్తారు. 175 డిగ్రీల దగ్గర, పైన అల్యూమినియం రేకు కప్పి పది నిమిషాలు, రేకు తీసి ఐదు నిమిషాలు ఉంచితే చాలు. అయితే బీఫ్ అని ముందే చెప్పి అడగండి. కొందరు తమ ఓవెన్లో మాంసం పెట్టనివ్వరు, అది వాళ్ళ ఇష్టం.

రెండో దారి నాకు ఇంకా నచ్చినది. అందులో వేడి రొట్టెలో ఉండదు, మాంసంలో ఉంటుంది. కోసిన ముక్కలను వడకట్టిన రసంలో వేసి, పొయ్యి మీద నురగలు వచ్చేదాకా, అంటే 75 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, సన్నని సెగ మీద అలాగే ఉంచండి. పలకలను అడ్డంగా రెండుగా కోసి, లోపలి వైపు వెన్న రాసి, దోశ పెనం మీద ఎర్రగా కాల్చి పెట్టుకోండి. వడ్డించే సమయానికి ముక్కలను చిల్లుల గరిటెతో తీసి, రసం పూర్తిగా ఓడ్చి, చీజ్ పరచిన రొట్టె మీద పెట్టి, పై పలక మూసి, మూతపెట్టిన పెనం మీద రెండు నిమిషాలు ఉంచి, అప్పుడు కత్తితో విడదీయండి. ఒకరు కాల్చేవారు, ఒకరు పేర్చేవారు, ఒకరు కోసేవారు ఉంటే డెబ్భైకి అరగంట పట్టదు. పలకను ముందే ఆరు ముక్కలుగా విడదీసుకుంటే మాత్రం మూడింతల పని. స్లైడర్ సుఖమంతా ఆ అంటుకుని ఉండటంలోనే ఉంది.

అమెరికాలో ఈ చిన్న ఆకారానికి పేరు తెచ్చినది 1921లో కాన్సాస్ రాష్ట్రపు విచిటా పట్టణంలో మొదలైన వైట్ క్యాసిల్ అనే హోటల్. వాళ్ళది పలుచని ఖైమా బిళ్ళ; దానిని ఉల్లిపాయల మీద పెట్టి, ఆ ఆవిరికే మాంసాన్ని, రొట్టెను మెత్తబరుస్తారు. కాబట్టి ఓవెన్ లేదని చిన్నబుచ్చుకోవలసిన పని లేదు.

ప్రశ్న: నేను పన్నీరు, ప్రాసెస్డ్ చీజ్ కలిపి వాడాను. పన్నీరు అసలు కరగలేదు. నకిలీ సరుకా?
— ఒక గృహిణి, అన్నానగర్

జవాబు: కరిగి ఉంటేనే అనుమానించాలి. కాగిన పాలను నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో విరిచి పన్నీరు చేస్తాం. ఆ పులుపుకు పాల ప్రోటీన్లను కలిపి ఉంచే కాల్షియం చాలావరకు విడిపోయి, ప్రోటీన్లు గట్టిగా పట్టుకుంటాయి. అందుకే కూరలో ఎంత ఉడికినా ముక్క ముక్కగానే ఉంటుంది. మొజరెల్లా, చెడ్డార్ వంటివి రెన్నెట్ అనే ఎంజైముతో తోడుకున్నవి కనుక వేడికి పట్టు సడలి పారతాయి. ప్రాసెస్డ్ స్లైసులు లవణాల సాయంతో నూనె విడవకుండా సమంగా కరుగుతాయి. నేను అడుగున స్లైసు, పైన మొజరెల్లా వేస్తాను. అడుగు స్లైసు మాంసం తేమ రొట్టెలోకి దిగకుండా అడ్డుపడుతుంది. మొజరెల్లా తీగ సాగుతుంది, పిల్లలకు అదే సంబరం. చల్లారితే మాత్రం అది రబ్బరే.

ప్రశ్న: దీనిలోకి హార్స్‌రాడిష్ సాస్, వూస్టర్ సాస్ వేయాలంటున్నారు. మొదటిది దొరకలేదు, రెండోది ఖరీదు. బదులుగా ఏం వాడవచ్చు?
— ఒక విద్యార్థిని, తాంబరం

జవాబు: హార్స్‌రాడిష్ ఒక ఘాటైన దుంప. మన మునగవేరుకు అదే ఘాటు ఉండటం వల్ల వెనుకటి దొరలు దానిని తురుముకుని తిని, మునగచెట్టుకు హార్స్‌రాడిష్ చెట్టు అని పేరు పెట్టారు. మీరు ఆ పని చేయకండి, వేరు బెరడులో విషపదార్థాలున్నాయి. ఆ ముక్కుకెక్కే ఘాటే మన ఆవపిండిలోనూ ఉంది. ఆవపెట్టిన పనసపొట్టు కూర తిన్నవారికి దాని సంగతి చెప్పనక్కరలేదు. ఆవాలను పొడిచేసి చన్నీళ్ళతో తడిపి పది నిమిషాలు వదిలేయండి. ఘాటును పుట్టించే ఎంజైము తడి తగిలినప్పుడే పనిచేస్తుంది. వేడినీళ్ళు పోస్తే చచ్చిపోయి చేదు మాత్రమే మిగులుతుంది. ఘాటు తేలాక వెనిగర్, ఉప్పు, చిటికెడు పంచదార కలిపితే ఆ ఘాటు కొంతసేపు నిలుస్తుంది. రెండు చెంచాలకు ఒక కప్పు మయొనైజ్‌ను గాని, గట్టి పెరుగును గాని కలిపి రొట్టెకు రాయండి.

వూస్టర్ సాస్ 1837 నుంచి ఇంగ్లండులో లీ, పెర్రిన్స్ పేరుతో అమ్ముతున్నది. దానిలో పులియబెట్టిన నెత్తళ్ళతో పాటు మన చింతపండు కూడా ఉంటుంది. చిక్కని చింతపండు పులుసులో బెల్లం, వెనిగర్, మిరియాల పొడి, ఒక చెంచా సోయాసాస్ వేసి రెండు పొంగులు రానివ్వండి. అచ్చంగా అదే రుచి అనను గాని, కరిగిన వెన్నలో కలిపి రొట్టె పైభాగాన పూసి, గసగసాలు చల్లి కాలిస్తే తేడా పట్టుకునేవారు అరుదు.

ప్రశ్న: మెత్తబడుతుందని కండకు పచ్చి బొప్పాయి పట్టించి రాత్రంతా ఉంచాను. పైన పిండిలా రాలిపోయింది, లోపల గట్టిగానే ఉంది.
— ఒక పాఠకురాలు, చూళై

జవాబు: బొప్పాయిలోని పపెయిన్ తాకినంత మేరనే పనిచేస్తుంది, లోపలికి దిగదు. పలుచని కబాబు ముక్కలకు అరగంట పట్టించండి. కిలో కండకు దాని అవసరం లేదు, కుక్కరు చాలు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ విందులో బీఫ్ తినేవారూ, తిననివారూ కలిసే ఉంటారు. ఇబ్బంది లేకుండా ఎలా వడ్డించాలి? మిగిలితే మర్నాడు వాడుకోవచ్చా?
— ఒక పాఠకుడు, పల్లావరం

జవాబు: చికెన్‌తో ఒక ట్రే, పుట్టగొడుగులను ఉల్లిపాయలతో వేయించి ఇంకొక ట్రే విడిగా చేయించండి. పెనం, కత్తి, గరిటె దేనికది వేరుగా ఉండాలి. వాటిని మరో బల్ల మీద పెట్టి, పెద్ద అక్షరాలతో చీటీ అంటించండి. పైకి చూస్తే అన్నీ ఒకేలా కనిపించే వంటకం ఇది. తెలియక తినేసిన మనిషి బాధ ఎన్ని క్షమాపణలు చెప్పినా తీరదు. చికెన్ ముక్కలు ఎండిపోతాయి కాబట్టి వాటికి రెండు చెంచాల రసం ఎక్కువ పోయండి. అది చికెన్ రసమే అయి ఉండాలి సుమా.

మిగిలినవాటి విషయంలో నేను కాస్త కఠినంగానే ఉంటాను. చెన్నై ఉక్కపోతలో గంటకు మించి బల్ల మీద ఉన్న స్లైడర్‌ను దాచవద్దు. అందుకే ట్రేలన్నీ ఒకేసారి బయట పెట్టకుండా రెండు విడతలుగా పేర్చండి. పొయ్యి మీద మరుగుతూ ఉన్న రసాన్ని మాత్రం పారబోయకండి. లాస్ ఏంజెలెస్‌లో రొట్టెను ఇటువంటి రసంలో ముంచి తినే శాండ్‌విచ్‌ను మేమంటే మేమే కనిపెట్టామని 1908లో మొదలైన రెండు హోటళ్ళు చాలాకాలం చెప్పుకున్నాయి. చిన్న కప్పుల్లో పోసి స్లైడర్ పక్కన పెట్టండి. పాయాలో రొట్టె ముంచుకుని తిన్న మనవాళ్ళకు దానితో ఏం చేయాలో ఎవరూ నేర్పనక్కరలేదు.