సీఎంఎంలో చిన్న ఆర్క్ రేడియస్‌ని పదిసార్లు కొలిచి యావరేజ్ ఇవ్వచ్చా?

సీఎంఎం, అంటే ప్రోబ్‌తో పీసుని అక్కడక్కడా తాకి (టచ్) కొలిచే మెషిన్, రేడియస్‌ని ఒక్కోసారి ఒక్కోలా చూపిస్తోంది, ప్రోగ్రామ్‌లో లూప్ పెట్టి పదిసార్లు కొలిచి యావరేజ్ రిపోర్ట్ చేయచ్చా అని అడిగారు. చేయచ్చు. సాఫ్ట్‌వేర్ ఏమీ అనదు. కస్టమర్ అంటాడు. అనిపించుకున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

అప్పట్లో హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న యూనిట్‌లో క్వాలిటీ చూసేవాణ్ణి. అల్యూమినియం బ్రాకెట్, బయటి మూల ఆర్ 25, అంటే రేడియస్ 25 మిల్లీమీటర్లు, ప్లస్ ఆర్ మైనస్ 0.1. డ్రాయింగ్‌లో ఆర్క్ 30 డిగ్రీలే, రెండు పక్కలా ఫ్లాట్‌లో కలిసిపోతుంది. మూడు టచ్‌లతో కొలిస్తే ఒకసారి 24.96, ఇంకోసారి 25.09, మళ్లీ 25.01. జాబ్, అంటే కొలిచే పీసు, కదల్లేదు, క్లాంప్ కదల్లేదు. డిస్పాచ్ వాళ్లేమో తలుపు దగ్గరే నిలబడ్డారు. లూప్ పెట్టాను. యావరేజ్ 25.02. రిపోర్ట్ అంతా పచ్చగా వచ్చింది, 200 పీసులు వెళ్లిపోయాయి.

పది రోజులకు 200 పీసులూ తిరిగొచ్చాయి. కస్టమర్ కాంటూర్ మెషిన్‌లో, అంటే అంచు మీద సూది నడిపి ఆకారం గీసే దాంట్లో, 24.88 అట.

మా మేనేజర్ వెంటనే ఏసీ మీద పడ్డారు. ఏం తేడా వచ్చినా ఏసీయే, లేకపోతే నేను తలుపు తీసిపెట్టడమే. 25 మిల్లీమీటర్ల అల్యూమినియం ఒక డిగ్రీ వేడికి పెరిగేది 0.6 మైక్రాన్, మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా కాదు సార్ అంటే వినరు. నేను మాత్రం తక్కువా, వాళ్ల మెషిన్‌కి క్యాలిబ్రేషన్ అయ్యుండదన్నాను.

టూల్ రూమ్‌లో రిటైర్‌మెంట్‌కి దగ్గర పడిన పెద్దాయన ఒకరుండేవారు. ఆయన స్క్రీన్ కూడా చూడలేదు. జాబ్ చేతిలోకి తీసుకుని మూల మీద గోరుతో రాసి, "చివరి టచ్‌లు ఎక్కడ పడుతున్నాయిరా?" అన్నారు. అటు రెండు డిగ్రీలు, ఇటు రెండు డిగ్రీలు లోపలికి జరిపించి, మూడు కాదు, ఇరవై టచ్‌లు తీయించారు. 24.88.

జరిగిందేమిటంటే, డ్రాయింగ్‌లో ఆర్క్ 30 డిగ్రీలైనా జాబ్ మీద 28 కూడా రాలేదు. నా చివరి టచ్‌లు రెండూ దాదాపు అర మిల్లీమీటరు దాటి ఫ్లాట్ మీద పడుతున్నాయి. అక్కడ వృత్తానికీ ఫ్లాట్‌కీ తేడా 5 మైక్రాన్లే, అంటే 0.005 మిల్లీమీటరు. కానీ 30 డిగ్రీల ఆర్క్‌కి, రెండు చివరలనీ కలిపే గీత నుంచి మధ్యలో ఉబ్బు మొత్తం 0.85 మిల్లీమీటరు. ఆ ఉబ్బులో ఒక్క మైక్రాన్ తప్పితే రేడియస్‌లో 28 మైక్రాన్లు తప్పుతుంది. నా 5 మైక్రాన్లు అలా 0.14 మిల్లీమీటరు అయి కూర్చున్నాయి. అదే 90 డిగ్రీల ఆర్క్ అయితే మైక్రాన్‌కి రెండున్నర మైక్రాన్లే, ఎవరికీ తెలిసేది కూడా కాదు.

పదిసార్లు కొలిస్తే విలువలు అటూ ఇటూ ఊగడం మూడో వంతుకి తగ్గుతుంది, నిజమే. టచ్ పడే చోటు మాత్రం పదిసార్లూ అదే. యావరేజ్ చేసి నేను సాధించింది, తప్పు విలువని ఊగకుండా నిలబెట్టడం.

లూప్ పెట్టి తీరాలంటే పది రేడియస్‌లని కలిపి పదితో భాగించకండి. ప్రతిసారీ టచ్‌లు ఆర్క్ మీద వేరే చోట్ల పడేలా జరపండి, పదిసార్లు తీసిన పాయింట్లన్నీ కలిపి ఒకే సర్కిల్ కట్టించండి, ఏ పాయింట్ ఎంత బయటికి పోయిందో గ్రాఫ్‌లో చూడండి. నా చివరి రెండు పాయింట్లూ అక్కడే దొరికిపోయేవి. ఎన్నిసార్లు తీసినా అవే మూడు చోట్లైతే సర్కిల్ ఎలాగైనా వాటి గుండా పోతుంది, ఏ పాయింట్ తప్పో పట్టుకోలేరు. సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్‌లో బటన్లన్నీ చూపిస్తారు, ఈ ఒక్క ముక్క చెప్పరు.

అసలు ఇంత చిన్న ఆర్క్‌కి రేడియస్ టాలరెన్స్ ఇచ్చే డిజైనర్లని ఒక వారం సీఎంఎం దగ్గర కూర్చోబెట్టాలి. ప్రొఫైల్ టాలరెన్స్, అంటే అంచు ఆకారం డ్రాయింగ్ గీత నుంచి ఎంతవరకు పక్కకి పోవచ్చో చెప్పే హద్దు, ఇస్తే ఈ గొడవే ఉండదు. ఆ బ్రాకెట్‌కి అదే రాసి పంపాం. ఆరు నెలలకు కొత్త రివిజన్ వచ్చింది. టైటిల్ బ్లాక్‌లో లోగో మార్చారు, ఆర్ 25 ప్లస్ ఆర్ మైనస్ 0.1 అలాగే ఉంది.