కథ రాస్తే మార్కులు రావు

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఈ ఏడాది డిగ్రీలో మాస్ కమ్యూనికేషన్ తీసుకుంది. ఫిల్మ్ స్టడీస్ పేపరు కోసమంటూ రాత్రిళ్లు సినిమాలు చూస్తోంది. తీరా మొదటి అసైన్‌మెంట్‌కి ఇరవైకి ఎనిమిది వచ్చాయి. ‘కథ రాశావు, విశ్లేషణ లేదు’ అన్నారట లెక్చరర్. ఎలా చదవాలి? దీంతో ముందుముందు ఏం చేయొచ్చు? కెమెరా కూడా కొనమంటోంది.

జవాబు: మొదటి ఏడాదిలో దాదాపు అందరూ చేసేది అదే. కథంతా చెప్పేసి, చివర్లో ‘నటన అద్భుతం, సంగీతం ప్రాణం పోసింది’ అని ముగిస్తారు. అది థియేటర్ బయట మైకు పెడితే వచ్చే పబ్లిక్ టాక్. ఈ పేపరు అడిగేది వేరు: తెర మీద ఏం కనబడింది, ఏం వినబడింది, దానివల్ల మనకు అలా ఎందుకనిపించింది.

రాత్రికో సినిమా మానేసి, వారానికి ఒక్క సినిమా, అందులో ఒక్క సీను పట్టుకోమనండి. మూడు నిమిషాలు మించొద్దు. మొదటిసారి మామూలుగా చూడాలి, రెండోసారి సౌండ్ తీసేసి, మూడోసారి కళ్లు మూసుకుని. రీరికార్డింగ్ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో ఆ మూడోసారే దొరుకుతుంది. తర్వాత నోట్‌బుక్కులో గళ్లు గీసి షాట్ల పట్టిక వేయాలి: షాట్ నంబరు, ఎన్ని సెకన్లు, క్లోజప్పా (ముఖం దగ్గరగా) మిడ్ షాటా (నడుం నుంచి పైకి) వైడా (చుట్టుపక్కలంతా కనబడేలా), కెమెరా కదిలిందా, ఏం వినబడింది. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఇంగ్లిష్ ‘ఇ’ కీ నొక్కితే ఒక్కో ఫ్రేమే ముందుకు జరుగుతుంది, కట్ ఎక్కడ పడిందో, అంటే ఒక షాట్ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలిసిపోతుంది. సీనులో నలభై షాట్లుంటే రెండు మూడు గంటలు కూర్చోవాలి. విసుగొస్తుంది, నిజమే. కానీ ఈ పట్టిక లేకుండా రాసిందంతా గాల్లో మాటే.

ఉదాహరణకు, తండ్రీకూతుళ్లు భోంచేస్తూ పెళ్లి సంగతి మాట్లాడుకునే సీను అనుకోండి. ‘ఆ ఇంట్లో కూతురి మాటకు విలువ లేదు’ అని ఊరికే రాస్తే అది అభిప్రాయం. ‘తండ్రి షాట్లు ఏడెనిమిది సెకన్లు నిలుస్తున్నాయి, కూతురివి రెండు దాటడం లేదు. ఆమె మాట్లాడుతున్నప్పుడు కూడా కెమెరా తండ్రి ముఖం మీదే ఉంది, ఆమెది గొంతు మాత్రమే’ అని చూపించి, ఆ తర్వాత అదే మాట అంటే విశ్లేషణ. అలాగని ‘లో యాంగిల్ (కింది నుంచి పైకి చూపే షాట్) అంటే అధికారం’ అని సూత్రాలు బట్టీ పట్టొద్దు. సినిమాలో సగం షాట్లు లో యాంగిల్‌లోనే ఉంటే, ఈ ఒక్కదానికి ప్రత్యేకంగా అర్థమేముంటుంది?

చాలామంది ప్రింటు దగ్గర, అంటే సినిమా ఏ ప్రతిలో చూస్తున్నామన్న దగ్గర కూడా దెబ్బతింటారు. యూట్యూబ్‌లో కొన్ని పాత సినిమాలు టీవీ తెర నిండేలా పైనా కిందా కోసేసి ఉంటాయి. తలలు తెగిన ఆ ఫ్రేముల్ని చూసి దర్శకుడి ఉద్దేశం ఇదీ అని రాసేస్తారు! 1957 నాటి ‘మాయాబజార్’కి రంగులద్ది 2010లో మళ్లీ విడుదల చేశారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే వెలుగునీడల గురించి రాయాలంటే నలుపు తెలుపు ప్రతే చూడాలి.

మీ అమ్మాయికి విశాఖలో ఉండటం కలిసొచ్చే విషయం. 1978లో వచ్చిన ‘మరో చరిత్ర’ను ఇక్కడా, భీమిలి వైపూ తీశారు, అదీ రంగుల సినిమాల కాలంలో నలుపు తెలుపులో. అందులోంచి సముద్రం కనబడే షాట్లు నాలుగు ఎంచుకుని, తీరానికి వెళ్లి, ఫోన్‌తో అలాంటి ఫ్రేమే పట్టి చూడమనండి. కెమెరా ఎంత ఎత్తులో ఉంది, ఆకాశానికి ఎంత చోటిచ్చారు, రంగు లేకపోవడంతో నీళ్లు ఎలా మారాయి అన్నది నాలుగు పుస్తకాలు చదివినా ఇంత బాగా తెలియదు.

ఇక ఉద్యోగాల సంగతి. ఒక్క సమీక్షలు రాసి బతకడం కష్టం, ఆ ఆశ పెట్టుకోవద్దు. ఈ చదువు పనికొచ్చేది ఎడిటింగ్ అసిస్టెంటుగా, సబ్‌టైటిళ్లు రాయడంలో, ప్రకటనల సంస్థల్లో, బోధనలో. డిగ్రీ అయ్యాక సినిమా తీయడం నేర్పే పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రాయ్ ఇన్‌స్టిట్యూట్‌లకు ప్రవేశ పరీక్ష రాయొచ్చు. తెర వెనక పని కన్నా చదువు మీదే మనసుంటే జాదవ్‌పూర్ యూనివర్సిటీలో ఫిల్మ్ స్టడీస్ ఎంఏ ఉంది. ఊరు వదలడం ఇష్టం లేకపోతే ఆంధ్రా యూనివర్సిటీలో జర్నలిజం పీజీ ఉంది. పాఠాలు చెప్పాలనుకుంటే ఆపైన లెక్చరర్ అర్హత పరీక్ష ‘నెట్’ రాయాలి. ఏ దారిలో వెళ్లినా ఈ మూడేళ్లలో బాగా దిద్దుకున్న వ్యాసాలు ఐదారు చేతిలో ఉండాలి.

కెమెరా ఇప్పుడే కొనకండి, మొదటి ఏడాదికి ఫోన్ చాలు. ఆ డబ్బులో కొంత పెట్టి మంచి హెడ్‌ఫోన్స్ కొనివ్వండి. ఫోన్ స్పీకర్లో డైలాగు వినబడుతుంది గానీ, దాని కింద సన్నగా నడిచే ఫ్యాన్ చప్పుడు, దూరపు రైలు కూత వినబడవు.