ఫోను మన చెప్పుచేతల్లో ఉండాలంటే

ఈ నెల అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫోను వాడకం గురించే ఉన్నాయి. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి శీర్షికనంతా ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నేను ఒక సంస్థలో లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. రోజుకు ఐదు గంటలకు పైగా ఫోను చూస్తున్నానని స్క్రీన్‌టైమ్ లెక్క చెబుతోంది. ఎన్నోసార్లు యాప్‌లు తీసేశాను, వారం తిరగకుండానే మళ్లీ పెట్టుకున్నాను. ఇది వ్యసనమా అండీ? లేక నాకే మనోనిబ్బరం లేదనుకోవాలా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందుగా ఇది జబ్బా కాదా అన్న సందేహం తీర్చుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన వ్యాధుల వర్గీకరణలోని పదకొండవ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో వీడియో గేముల వ్యసనాన్ని ఒక రుగ్మతగా చేర్చారు కానీ, ఫోను వాడకాన్నీ సామాజిక మాధ్యమాలనూ అలా విడిగా చేర్చలేదు. గేముల విషయంలో సైతం వైద్యులు చూసేది గంటల లెక్క కాదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ దాని తర్వాతే అన్నట్టు తయారవడం, నష్టం కళ్లకు కనబడుతున్నా మానలేకపోవడం, ఈ స్థితి సాధారణంగా ఏడాదిపాటైనా కొనసాగడం వంటివి చూస్తారు. మీ ఉద్యోగం, నిద్ర, ఇంట్లోవాళ్లతో సంబంధాలు ఆ స్థాయిలో దెబ్బతింటున్నాయనిపిస్తే, సంకోచించకుండా మానసిక వైద్యుణ్ణి కలవండి. అంతవరకూ రాకపోతే, ఐదు గంటలన్న సంఖ్యను చూసి మీ మీద మీరే తీర్పు చెప్పుకోనవసరం లేదు.

మనోనిబ్బరం సంగతికి వద్దాం. 2006కు ముందు వెబ్‌పేజీలకు సాధారణంగా అడుగు ఉండేది. అక్కడికి చేరాక తర్వాతి పేజీ కావాలో వద్దో మనమే నిర్ణయించుకుని నొక్కేవాళ్లం. ఆ ఏడాది ఏజా రాస్కిన్ అనే రూపకర్త, కిందికి జరిపేకొద్దీ కొత్త విషయాలు తమంతట తామే వచ్చి చేరే పద్ధతిని తయారుచేశారు. దాని పర్యవసానాల పట్ల ఆయనే తర్వాత బాహాటంగా విచారం వ్యక్తం చేశారు. ఒక వీడియో పూర్తవగానే మరొకటి అడగకుండానే మొదలవడం ఇప్పుడు సర్వసాధారణమైపోయింది. ఈ రెండూ చేసిన పని ఒక్కటే: "ఇక చాలు" అనుకోవడానికి ఉన్న ఆగే చోట్లను తొలగించడం.

దీనికి తోడు మరొకటి ఉంది. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో ప్రచురించిన ప్రయోగాల్లో, పావురాలకు గింజలు ఎప్పుడు దొరుకుతాయో తెలియకుండా చేసినప్పుడు అవి విసుగూ విరామమూ లేకుండా మీటను పొడుస్తూనే ఉండడం గమనించారు. ప్రతిసారీ దొరికే బహుమతి కన్నా, దొరుకుతుందో లేదో తెలియని బహుమతి ఎక్కువగా పట్టి ఉంచుతుంది. ఫోను తెరిచిన ప్రతిసారీ మంచి వార్తో మనసుకు నచ్చిన వీడియోనో కనిపించదు, కానీ కనిపించవచ్చు. ఆ "కావచ్చు" దగ్గరే చెయ్యి మళ్లీ మళ్లీ ఫోను మీదికి పోతుంది. ప్రకటనల ఆదాయం మీద నడిచే సంస్థలకు మీరు గడిపే ప్రతి నిమిషమూ విలువైనదే కనుక, ఆ నిమిషాన్ని పొడిగించే విద్యలో ఆరితేరిన నిపుణులు వాటిలో పనిచేస్తుంటారు. అంతటి ఏర్పాటుకు ఎదురుగా ఒక్క మనిషి సంకల్పబలాన్ని నిలబెట్టి, ఓడిపోయినందుకు ఆ మనిషినే తప్పుపట్టడం న్యాయం కాదని మా గట్టి నమ్మకం.

మరి చేయగలిగింది ఏమిటంటే, వాళ్లు తీసేసిన ఆగే చోట్లను మీ అంతట మీరే తిరిగి ఏర్పరచుకోవడం. యాప్ తీసేసినా మళ్లీ పెట్టుకోవడానికి కారణం, అది తీర్చిన అవసరం అలాగే మిగిలి ఉండడం. అందువల్ల తీసేసే ముందు కొన్నాళ్లు ఊరికే గమనించండి. ఫోను చేతిలోకి వచ్చిన క్షణంలో అంతకుముందు మీరు ఏం చేస్తున్నారు? లెక్క సరిపోక చిరాకు పడ్డారా, తోచక కూర్చున్నారా, ఎవరితోనైనా మాట్లాడాలనిపించిందా? మూడింటికీ మందు ఒకటి కాదు. చిరాకు పుట్టినప్పుడు లేచి నాలుగడుగులు వేస్తే సరిపోవచ్చు. మాట్లాడాలనిపించినప్పుడు స్నేహితుడికి నేరుగా ఫోను చేస్తే, అదీ స్క్రీన్‌టైమ్ లెక్కలో చేరవచ్చు గాక, వృథా మాత్రం కాదు. ఐదు గంటల్లో దారి చూపించిన మ్యాపులు, ఇష్టంగా చదివిన వ్యాసాలు, ఆత్మీయులతో మాటలు పోగా, రాత్రికి "ఇందాక ఏం చూశాను?" అనుకుంటే గుర్తుకు రాని భాగం ఎంతో అంచనా వేసుకోండి. తగ్గించవలసింది ఆ భాగాన్నే.

ఆ తర్వాత ఫోను సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. మనుషులు పంపేవాటికి తప్ప యాప్‌లు తమంతట తాము పంపే నోటిఫికేషన్లన్నిటినీ ఆపేయండి. వీడియోలు వాటంతట అవే మొదలయ్యే సౌకర్యాన్ని, వీలున్న ప్రతిచోటా, ఆపు చేయండి. ఎక్కువగా లాగే యాప్‌ను పూర్తిగా తీసేయకపోయినా, చూడడం అయిపోగానే లాగౌట్ చేసే అలవాటు చేసుకుంటే, మళ్లీ తెరిచేటప్పుడు పాస్‌వర్డ్ టైపు చేసేంతలో "ఇప్పుడు ఇది నాకు ఎందుకు?" అని ప్రశ్నించుకునే వ్యవధి దొరుకుతుంది. ఆఫీసులో లెక్కలు సరిచూసే వేళ ఫోనును బల్ల మీద బోర్లించి పెట్టడం చాలదు, సొరుగులో పెట్టండి. ఒక పని మధ్యలో వదిలి మరో పనిలోకి వెళ్లినప్పుడు, మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో వివరించారు. అంకెలతో పనిచేసేవారికి ఇది అనుభవంలో ఉన్న విషయమే.

వీటివల్ల ఎంత ఫలితం ఆశించవచ్చో కూడా చెప్పడం మా బాధ్యత. అమెరికాలో 2018 మధ్యంతర ఎన్నికలకు ముందు హంట్ ఆల్‌కాట్, మరికొందరు ఆర్థికవేత్తలు కొంతమందికి డబ్బిచ్చి నాలుగు వారాలపాటు ఫేస్‌బుక్ మాన్పించారు. వాళ్లకు రోజుకు సుమారు ఒక గంట మిగిలింది. ఆ సమయంలో కొంత ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో గడిచింది, కొంత ఒంటరిగా టీవీ చూడడానికి పోయింది. మనసు కొద్దిగా తేలికపడింది, అయితే వార్తల పరిజ్ఞానం కాస్త తగ్గింది. ప్రయోగం ముగిశాక కూడా వాళ్ల వాడకం మునుపటికన్నా తక్కువగానే ఉంది. అంటే మేలు నిజమే కానీ, జీవితం ఒక్కసారిగా మారిపోయేంత కాదు. మిగిలిన గంట దేనికి వాడాలో ముందే అనుకోకపోతే అది ఇంకో తెర మీదికి పోతుంది.

ప్రశ్న: పడుకునే ముందు ఫోను చూడకుండా ఉండలేను. తెర పసుపు రంగులోకి మారే సౌకర్యం పెట్టుకున్నాను. అది సరిపోతుందా?
– ఒక విద్యార్థిని

జవాబు: సరిపోదు. నిద్రకు ముందు కొన్ని గంటలు వెలుగునిచ్చే ఈ-రీడర్ మీద చదివినవారికి, అచ్చుపుస్తకం చదివినవారికన్నా మెలటోనిన్ అనే నిద్ర హార్మోను తక్కువగా విడుదలై నిద్ర ఆలస్యమైనట్టు 2015లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. కాబట్టి వెలుగు ప్రభావం ఉన్న మాట నిజం. కానీ మేలుకొని ఉంచేది వెలుగు ఒక్కటే కాదు. కోపం తెప్పించే వాదన, ముగింపు లేని వీడియోల వరస పసుపు తెర మీద కూడా అంతే మేలుకొని ఉంచుతాయి. విడిగా ఒక అలారం గడియారం కొనుక్కుని, ఫోనును పడకగది బయట చార్జింగుకు పెట్టండి. హాస్టల్ గదిలో అలా వీలుకాకపోతే, మంచం మీంచి చెయ్యి చాపితే అందనంత దూరంలోనైనా ఉంచండి.

ప్రశ్న: మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో రాత్రి పదింటికి కూడా మెసేజ్‌లు వస్తుంటాయి. జవాబివ్వకపోతే బాగుండదేమోనని భయం, ఇస్తే ఇల్లు కూడా ఆఫీసయిపోతోందన్న బాధ. ఏం చేయమంటారు?
– ఒక ఉద్యోగిని

జవాబు: మీ బాధ ఒక్కరిది కాదు, కొన్ని దేశాలు దీనిమీద చట్టాలే చేశాయి. ఫ్రాన్సులో 2017 జనవరి 1 నుంచి, యాభై మందికి తక్కువ కాకుండా ఉద్యోగులున్న సంస్థలు పనివేళల తర్వాత ఫోనుకూ ఈమెయిళ్లకూ దూరంగా ఉండే హక్కు గురించి ఉద్యోగుల ప్రతినిధులతో చర్చించాలి. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి, నిరాకరణ అసమంజసం కానంతవరకూ, పనివేళలు దాటాక వచ్చే సందేశాలకు స్పందించకుండా ఉండే హక్కు ఉద్యోగులకు ఉంది. చట్టం లేనిచోట ఒప్పందమే శరణ్యం. ఎవరినీ వేలెత్తి చూపకుండా, పగటివేళ, అందరూ కూర్చున్నప్పుడు ఇలా ప్రతిపాదించండి: నిజంగా అత్యవసరమైతే ఫోను చేయాలి, మెసేజ్ రూపంలో వచ్చినది ఏదైనా మర్నాడు పొద్దున చూస్తే చాలు. ఈ తేడా ఒకసారి ఒప్పుకుంటే పంపేవారికీ అందుకునేవారికీ బెంగ తీరుతుంది. ఆ తర్వాత రాత్రిళ్లు గ్రూపును నిస్సంకోచంగా మ్యూట్ చేసుకోండి. చూసినట్టు తెలిపే నీలి టిక్కులను ఆపు చేసే వీలు విడి సంభాషణలకే తప్ప గ్రూపులకు వర్తించదు కాబట్టి, దానిమీద ఆధారపడకండి.

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు. ఫోనులో వీడియో పెడితే తప్ప అన్నం తినదు. అత్తగారేమో తిననివ్వు, ఫోనుదేముంది అంటారు. ఎవరి మాట సరైనది?
– ఒక తల్లి

జవాబు: అత్తగారి ఆరాటం పాప కడుపు నిండాలనే కనుక దాన్ని తేలిగ్గా తీసుకోకండి. అయితే వీడియో చూస్తూ తినే పిల్లలకు తమ కడుపు నిండిన సంగతి పట్టదు. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దనీ, మూడు నాలుగేళ్ల వయసులో రోజుకు గంటకు మించకూడదనీ, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఒక్కరోజులో మాన్పించాలని పట్టుబడితే ఇంటిల్లిపాదికీ పోరే. ముందు ఒక పూట ఎంచుకుని, ఆ పూట పెద్దలందరూ ఫోన్లు మరో గదిలో పెట్టి, పాపతో కలిసి కూర్చుని తినండి. అన్నం తినిపించే వేళ కథ చెప్పే పని అత్తగారికే అప్పగిస్తే ఇంకా బాగుంటుంది. మొదట్లో పాప తక్కువ తినవచ్చు, కంగారు పడకండి. బరువు తగ్గుతోందనిపిస్తే మాత్రం పిల్లల వైద్యుణ్ణి అడగండి.

ప్రశ్న: అమ్మ పోయాక నాన్నగారు ఒంటరిగా ఉంటున్నారు. వయసు డెబ్బై రెండు. పొద్దస్తమానం ఫోనే లోకం. ఎలా తగ్గించమంటారు?
– ఒక కొడుకు

జవాబు: తగ్గించాలన్న నిర్ణయానికి అప్పుడే రాకండి. మొదటి ఉత్తరం రాసిన పాఠకుడికి చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది, కాకపోతే సమాధానం వేరుగా రావచ్చు. ఆ ఫోనులో మీ నాన్నగారు మనవలను చూస్తున్నారా, పాత స్నేహితులతో మాట్లాడుతున్నారా, తనకిష్టమైన పాటలు వింటున్నారా? అయితే అది ఆయనకు మనుషులతో మిగిలిన దారి. దాన్ని మూసివేయడం మంచి చేయడం కాదు. అలాగాక, మునుపు వెళ్లే నడకకు వెళ్లడం మానేశారా, రాత్రి నిద్ర తగ్గిందా, ఎవరైనా ఇంటికొచ్చినా తల ఎత్తడం లేదా? అప్పుడు కూడా ఫోను లాక్కోవడం కన్నా, నడకకు తోడు ఎవరు, సాయంత్రం పలకరించేది ఎవరు అన్నది ముందు చూడండి. మీరు రోజూ ఒకే వేళకు ఫోను చేసే అలవాటు పెట్టుకోండి. ఎదురుచూడడానికి ఒక వేళంటూ ఉంటే ఒంటరివాళ్ల రోజుకు ఒక పద్ధతి ఏర్పడుతుంది.

ఆయన వయసులో గంటలకన్నా ఎక్కువగా భయపడవలసింది మోసాలకు. అధికారులమని బెదిరించేవాళ్లు, ఓటీపీ అడిగేవాళ్లు, ఫలానా ఆకు తింటే మందులు మానేయవచ్చని ఫార్వర్డ్ చేసేవాళ్లు ఒంటరిగా ఉన్న పెద్దలనే వెతుక్కుంటూ వస్తారు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదనీ, ఎవరైనా తొందరపెడితే వెంటనే ఫోను పెట్టేసి మీకు చేయాలనీ ముందే మాట్లాడుకోండి. మోసపోతే మీరు కోప్పడతారన్న భయం ఆయనకు లేకుండా చూడండి, ఎందుకంటే చాలామంది పెద్దలు ఆ భయంతోనే జరిగింది దాచి, ఆలస్యంగా బయటపెడతారు. ఆయన బ్యాంకు యాప్‌లో రోజువారీ చెల్లింపు పరిమితిని తగ్గించే వీలుంటే తగ్గించండి. అది మీరు చేసిపెట్టడం కాదు, పక్కన కూర్చుని, ఆయన చేతే చేయించండి.