ఫలితాల కోసం ఎదురుచూస్తుంటే నిద్ర పట్టడం లేదు... మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 20 సంవత్సరాలు. చివరి సంవత్సరం పరీక్షలు రాసి నెల దాటింది. ఫలితాలకు ఇంకా మూడు వారాలు పడుతుందంటున్నారు. పడుకోగానే తప్పు రాసిన జవాబులే గుర్తుకొచ్చి తెల్లవారుజాము వరకు నిద్ర పట్టడం లేదు. గుండె దడగా, కడుపులో తిప్పినట్లుగా ఉంటోంది. ఆకలి కూడా తగ్గింది. ఇంట్లోవాళ్లు పాజిటివ్‌గా ఆలోచించమంటున్నారు కానీ ఎంత ప్రయత్నించినా నా వల్ల కావడం లేదు. స్నేహితురాలి అమ్మగారు వాడే నిద్రమాత్ర వేసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా మీ చివరి ప్రశ్నకు సమాధానం చెబుతాను. మరొకరికి రాసిన నిద్రమాత్రను మీరు వేసుకోవద్దు. ఇలాంటి సందర్భాల్లో తరచుగా చేతులు మారేవి బెంజోడయాజెపిన్ తరగతికి చెందిన మందులు. వీటిని కొన్ని వారాలు వరుసగా వాడితే శరీరం వాటికి అలవాటు పడుతుంది, అకస్మాత్తుగా మానేస్తే నిద్రలేమి మునుపటికన్నా తీవ్రంగా తిరిగి వస్తుంది. మూడు వారాల్లో కారణం తొలగిపోయే ఇబ్బందికి, ఆ తరువాత కూడా మిగిలిపోయే ఇబ్బందిని జోడించుకోవడం మంచిది కాదు.

మీరు చెప్పిన దడ, వికారం మీ ఊహ కాదు. ఆపద పొంచి ఉందని మెదడు భావించినప్పుడు అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలై గుండె వేగాన్ని పెంచుతుంది, జీర్ణక్రియను మందగింపజేస్తుంది. ఆపద ఏమిటో తెలియని స్థితి మెదడుకు మరింత భారం. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో కొందరికి చేతిపై స్వల్పంగా విద్యుత్ షాక్ ఇచ్చి ఒత్తిడిని కొలిచారు. షాక్ తప్పదని తెలిసినప్పటికంటే, తగలవచ్చు, తగలకపోవచ్చు అన్నట్లు అవకాశం సరిగ్గా 50 శాతం ఉన్నప్పుడే వారిలో ఒత్తిడి అత్యధికంగా కనిపించింది. పరీక్ష తప్పినా ఫరవాలేదు, ఆ ఫలితమేదో వచ్చేస్తే చాలని మీకు అప్పుడప్పుడు అనిపిస్తూ ఉంటే, దానికి కారణం ఇదే.

ఇక పాజిటివ్‌గా ఉండటం గురించి. మీ ఇంట్లోవాళ్ల మాటలో ప్రేమ ఉంది కానీ, నా దృష్టిలో అది ఈ సమస్యకు చికిత్స కాదు. అంతా మంచే జరుగుతుందని బలవంతంగా నమ్మడానికి ప్రయత్నించే మనిషి, ఆ నమ్మకం కుదరడం లేదేమిటని రెండో దిగులు కూడా పెట్టుకుంటాడు. మీ ఉత్తరంలో నాకు కనిపించింది అదే. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త కేట్ స్వీనీ, న్యాయవాద అర్హత పరీక్ష రాసి ఫలితాల కోసం నాలుగు నెలలు వేచి ఉన్న కాలిఫోర్నియా పట్టభద్రులను పరిశీలించారు. ఆందోళనను అణచుకోవడానికి వారు అనుసరించిన ఉపాయాలు పెద్దగా పనిచేయలేదు. అంతేకాదు, ఎదురుచూస్తున్నంత కాలం కలవరపడినవారే చెడ్డ ఫలితాన్ని మెరుగ్గా ఎదుర్కొన్నారు, మంచి ఫలితానికి ఎక్కువగా ఆనందించారు. కాబట్టి మీరు ఆందోళన పడటాన్ని లోపంగా భావించనవసరం లేదు. రాత్రుళ్లు మేలుకోవడం మంచిదని మాత్రం దీని అర్థం కాదు. ఆందోళనను పూర్తిగా పోగొట్టడం మన లక్ష్యం కాదు, అది మీ నిద్రను, తిండిని, రోజును ఆక్రమించకుండా చూడటమే లక్ష్యం.

అందుకోసం ఆందోళనకు ఒక వేళ కేటాయించండి. సాయంత్రం, నిద్రకు కనీసం రెండు మూడు గంటల ముందు, 15 నుంచి 20 నిమిషాలు కూర్చుని మిమ్మల్ని వేధిస్తున్న ప్రతి విషయాన్నీ కాగితం మీద రాయండి. పక్కనే, ఒకవేళ తప్పితే చేయవలసిన పనులను కూడా రాయండి: పునఃపరిశీలనకు దరఖాస్తు గడువు ఎప్పుడు, మళ్లీ పరీక్ష ఎప్పుడు రాయవచ్చు, ఈలోగా ఏ పనిలో లేదా కోర్సులో చేరవచ్చు, ఈ విషయం మొదట ఎవరితో చెప్పాలి. అశుభం పలకడం ఎందుకని పెద్దవాళ్లు అభ్యంతరం చెప్పవచ్చు, అయినా రాయండి. అస్పష్టమైన భయం కన్నా పేరూ తేదీ ఉన్న పని తేలికగా ఉంటుంది. రాత్రి అవే ఆలోచనలు వస్తే వాటిని నెట్టివేయాలని చూడకండి, నెట్టేకొద్దీ తిరిగి వస్తాయి. రేపటి వేళకు వాయిదా వేస్తున్నానని అనుకుని వదిలేయండి. ఆశను ఈ మొదటి రెండు వారాలూ నిలుపుకొని, ఫలితాలకు రెండు మూడు రోజుల ముందు మాత్రం చెడు వార్తకు కూడా మనసును సిద్ధం చేసుకుంటే దెబ్బ తీవ్రత తగ్గుతుంది.

పగటి పూట ఖాళీగా కూర్చోవద్దు. సమయం తెలియకుండా లీనం చేసే పని ఏదైనా, అంటే బొమ్మలు గీయడం, వాద్యం నేర్చుకోవడం, ఆట ఆడటం వంటివి, ఎదురుచూపును తేలిక చేస్తాయని స్వీనీ బృందం తరువాతి పరిశోధనల్లో గమనించింది. ఆ పని కాస్త కష్టంగా, కానీ మీకు చేతనయ్యేదిగా ఉండాలి. ఫోన్‌లో వీడియోలు వరుసగా చూడటం ఈ కోవలోకి రాదు. ఫలితాల తేదీ గురించి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పుకార్లను, జవాబులు సరిచూసుకునే చర్చలను ఈ మూడు వారాలు మ్యూట్‌లో పెట్టండి. అధికారిక వెబ్‌సైట్‌ను రోజుకు ఒక్కసారి చూస్తే సరిపోతుంది.

నిద్ర ఎప్పుడు పట్టినా ఉదయం ఒకే సమయానికి లేవండి, పగలు కునుకు తీయవద్దు. పడుకున్న ఇరవై నిమిషాలకు కూడా నిద్ర రాకపోతే లేచి, మసక వెలుతురులో ఏదైనా తేలికపాటి పుస్తకం చదివి, కళ్లు మూతపడుతున్నప్పుడే పక్క మీదకు వెళ్లండి. కాఫీలోని కెఫీన్‌లో సగం బయటికి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం తరువాత కాఫీ, టీ మానేయండి. రోజూ అరగంట వేగంగా నడవండి. దడ మొదలైనప్పుడు ముక్కుతో నాలుగు సెకన్లు గాలి తీసుకుని ఆరు సెకన్లు మెల్లగా వదులుతూ ఐదు నిమిషాలు కూర్చుంటే గుండె వేగం తగ్గుతుంది.

దడ, నిద్రలేమి, ఆకలి మార్పు ఉన్నప్పుడు అన్నిటికీ పరీక్షలే కారణమని తేల్చేయడం కూడా సరికాదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తహీనత ఉన్నా దడ వస్తుంది. దగ్గరలోని వైద్యుడిని ఒకసారి కలిసి హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపేది) పరీక్షలు చేయించుకోండి. శ్రమ పడినప్పుడు ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా ఆలస్యం చేయవద్దు.

ఎప్పుడైనా బతికి ఏం లాభం అనే ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకుండా అప్పటికప్పుడే ఇంట్లో ఒకరికి చెప్పి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. దానికి ఫలితాల దాకా ఆగకూడదు. మిగతా లక్షణాలు ఫలితాలు వచ్చాక కొద్ది రోజుల్లో వాటంతట అవే తగ్గాలి. రెండు వారాలు దాటినా నిద్రలేమి, దడ అలాగే ఉంటే, ఫలితం ఏదైనా సరే, సైకియాట్రిస్టును సంప్రదించండి. మందు అవసరమా కాదా అన్నది వారు మిమ్మల్ని చూసి నిర్ణయిస్తారు.